ధర్మసాగర్ చుట్టు నాలుగు మజిలీలు

హనుమకొండకు పడమటి దిక్కున నున్న ధర్మసాగర్ పేరు వినిన సోదరీమణులు పలువురు దానిని చెరువు పేరుగనే యెరుగుదురు. అదియు న్యాయమే. దేవాదుల ఎత్తిపోతల పథకమువలన గంగారము వద్ద ఎత్తబడిన గోదావరి నీరు గొట్టములలో భీమ్ ఘనపురము మీదుగ వచ్చి మా చెరువులో చేరుచున్నది. వరంగల్ నగరమునకు త్రాగునీరు నిచ్చు చెరువులలో నిదియు నొకటి. పుష్కరములకు తప్ప గోదావరిని చూడని మా యత్తగారి తరమువారికి ఆ నది ఊరి వాకిటికి వచ్చినదన్నచో నేటికిని సగము నమ్మకము, సగము నవ్వు.

వానకారు వెడలిన పిమ్మట వేకువజామున కట్టమీద నిలిచినయెడల ఒక వైపు నిండిన నీరు, ఒక వైపు పొట్టకు వచ్చిన వరి, దూరమున ఇనుపరాతి గుట్టలు కనబడును. బతుకమ్మ తొమ్మిది దినములును మా ప్రాంతపు స్త్రీలు ఆ వేళ వెలుపలికి పోవుటకు ఎవరి యనుమతియు నక్కరలేదు. తంగేడు తేవలెను, గునుగు తేవలెను అన్నచో చాలును. అట్లు పూలకై సైకిళ్ళమీద పోవుచు మేము నలుగురము జతకూడితిమి. పొరుగింటి వదినకు 48 ఏండ్లు. సైకిలు నేర్చి రెండేండ్లే యైనది. ఆశా కార్యకర్తగ ఇల్లిల్లు తిరుగు అక్క యొకతె. హనుమకొండలో డిగ్రీ చదువుచున్న చెల్లె యొకతె. నాల్గవవారము మేము. పూలసంచితో ఎవరు ముందు ఇల్లు చేరుదురను ముచ్చట సద్దుల బతుకమ్మ నాటికి పంతముగ మారెను.

"ఒక్కనాటి పందెంల ఏమున్నదక్కా, నాలుగు దినాలది పెట్టుకుందాం" అని చెల్లె యనెను.

పలుదినముల సైకిలు పందెమనగా నేమో ఆమెయే చెప్పినది. ఒక్కొక్క దినము ఒక్కొక్క దారి. ఏనాడెవరు ముందు వచ్చిరనుట ఆనాటి ముచ్చట మాత్రమే. అన్ని దినముల కాలమును కూడినప్పుడు ఎవరిది తక్కువయో వారిదే గెలుపు. మొదటినాడు పోగొట్టుకొనిన అరనిమిషము నాల్గవనాడును మనతోనే యుండును. మజిలీయను మాట మనకు క్రొత్తది గాదు, కాశికి కాలినడకను పోయినవారి నాటినుండియు నున్నదే. కనుక దీనిని మజిలీల పందెమంటిమి.

లోకమున నివి పెద్ద యెత్తున జరుగుచున్నవి. మన దక్షిణదేశముననే 2008లో ఆరంభమైన టూర్ ఆఫ్ నీలగిరీస్‌లో స్త్రీలును పాల్గొని, కల్హట్టి ఘాటులోని 36 మలుపులను ఎక్కియున్నారు. ఫ్రాంసు దేశపు పందెమును స్త్రీలకై 1955లో నొకసారి ఐదు మజిలీలుగ నడిపి విడిచిపెట్టిరి. 1984లో మరల తెచ్చి, కొన్నేండ్లకు మరల విడిచిరి. ఇప్పుడున్నది 2022లో మొదలైనది. 2024లో ఎనిమిది మజిలీలైన పిమ్మట గెలిచిన పోలండు వనిత కాషా నెవియాదోమకును రెండవ యామెకును నడుమ నున్న భేదము 4 సెకండ్లు! అన్నము వార్చుటకును అంతకంటె నెక్కువ పట్టును గదా.

అయినను మా మనసున నిలిచినది వేరొకతె కథ. 1924లో ఇటలీ దేశపు పందెమున అల్ఫొన్సీనా స్ట్రాడా యను నామె పురుషులతో గలిసి బయలుదేరెను. 12 మజిలీలు, 3,613 కిలోమీటర్లు. బయలుదేరినవారు 90 మంది. ఒకనాడు గాలివానలో హ్యాండిలు విరుగగా చీపురుకఱ్ఱ ముక్కను కట్టుకొని పెరూజా చేరునప్పటికి గడువు దాటిపోయెను. పందెము నడుపువారు ఆమెను వెళ్ళగొట్టలేదు. సాగనిచ్చిరి గాని పేరును మాత్రము పట్టికనుండి తీసివేసిరి. ఆమె మిలాను వరకును త్రొక్కినది. పట్టిక ప్రకారము ముగించినవారు 30 మంది. వారిలో ఆమె లేదు.

విజయదశమి మరునాటినుండి నాలుగు దినములని నిర్ణయించుకొంటిమి. చెల్లెది గేర్ల సైకిలు. తక్కినవి మామూలు లేడీస్ సైకిళ్ళు. మా దానికి ముందరి పండ్లచక్రమున 44 పండ్లు, వెనుకదానియందు 18. పెడలు ఒక చుట్టు తిరిగినచో బండి రమారమి 5 మీటర్లు పోవునని మా వారు లెక్కవేసి చూపిరి. వారు బడిలో లెక్కలు చెప్పువారు గనుక కాలము చూచు పని వారికే యప్పగించితిమి. మొదటివారు వచ్చిన గంటలోపల రానివారికి ఆనాటి లెక్కలో చోటు లేదని నియమము పెట్టినదియు వారే. చుడీదారు తొడిగి మేము గడప దాటుచుండగా ఎదురింటి ముసలాయన "సారోళ్ళ ఆమెకు గిదేం పని" అనుట వినబడెను. సమాధానము మాకును తెలియదు కాబట్టి ఊరకుంటిమి.

మొదటి మజిలీ మడికొండకు పోయి వచ్చుట. నలుగురము గుంపుగ పోయితిమి. ముందు పోవువారి వెనుకచక్రమునకు మూరెడు దూరమున మన చక్రము నుంచినచో గాలి వారిని కొట్టి మనలను విడుచునని ఆనాడు తెలిసికొంటిమి. తెలిసికొని, పాపము, అక్క వెనుకనే దారియంతయు దాగితిమి. 58 నిమిషముల 20 సెకండ్లకు ఇల్లు చేరితిమి. చెల్లె 45 సెకండ్లు వెనుక.

రెండవనాడు ఉనికిచెర్లకు ఒక్కొక్కరుగ, రెండేసి నిమిషముల యెడముతో విడువబడితిమి. చాటు లేదు, తోడు లేదు. ముందెవరును లేరు, వెనుకనెవరును పిలువరు. పెండ్లియైన పిమ్మట అట్టి యరగంట మాకు దొరకినట్లు జ్ఞాపకము లేదు. 31 నిమిషముల 10 సెకండ్లు పట్టెను. చెల్లెకు మరి 40 సెకండ్లు. మొత్తముమీద మాకు నిమిషము 25 సెకండ్ల మిగులు. ఆ రాత్రి ఆ మిగులునే మాటిమాటికి తలచుకొంటిమి. అందువలననే కాబోలు మరునాటి తప్పు జరిగినది.

మూడవది దేవునూరు మజిలీ, నాలుగింటిలో పెద్దది. ఇనుపరాతి గుట్టల వైపు దారి ఎత్తులెక్కుచు, పల్లములు దిగుచు పోవును. చేలలో ప్రత్తి పగులుచుండెను. గుట్టలనుండి సీతాఫలముల గంపలు దించుకొని స్త్రీలు బాటప్రక్కను కూర్చుండిరి. ఎత్తులలో చెల్లె గేరు మార్చుకొని పిట్టవలె పోయినది. మేము లేచి నిలిచి త్రొక్కినను అందలేదు. దేవునూరు ముట్టి తిరిగి వచ్చుచుండగా, ఇంకను అటువైపే పోవలసిన వదిన బాటప్రక్కను సైకిలు పట్టుకొని నిలిచి కనబడెను. చక్రమున తుమ్మముల్లు.

"ఓ వదినె! గాలి పోయింది, జర ఆగు!"

నలుగురికిని ఉన్న గాలిపంపు ఒక్కటే. అది మా సంచిలో నున్నది. ముల్లు తీసి, ఆగుచు గాలికొట్టుకొనుచు పోయినను ఆమె పని గడచియుండెడిది. మేము చేయి యూపితిమి గాని కాలు ఆపలేదు. వెనుక అక్క వచ్చుచున్నది, ఆమె చూచుకొనునని మనసునకు చెప్పుకొంటిమి. ఋతుపర్ణుని యుత్తరీయము జారిపడినప్పుడు బాహుకుడు రథము నాపలేదు గదా యనియు తోచెను. చదివిన చదువు ఇట్టి సమయములలో ఎంత వేగముగ సాయమునకు వచ్చునో చూడుడు! అచ్చట జారినది బట్ట. ఇచ్చట నిలిచిపోయినది మనిషి.

గంట 32 నిమిషముల 5 సెకండ్లకు వచ్చితిమి. చెల్లె అంతకు నిమిషము 5 సెకండ్ల ముందే చేరెను. మా మిగులు 20 సెకండ్లకు దిగెను. పిదప అక్క వచ్చి, తాను ఆగితినని, పంపు లేక ఏమియు చేయలేకపోతినని, వదినయే తనను పంపివేసెనని చెప్పెను. వదిన సైకిలును నడిపించుకొని దేవునూరు వరకు పోయి, అచ్చట పంచరు వేయించుకొని తిరిగి వచ్చునప్పటికి 3 గంటల 42 నిమిషములైనది. మోము ఎండకు కందియుండెను.

ఆ సాయంకాలము మా యరుగుమీద సభ జరిగెను. నియమము నియమమే యని మా వారనిరి. చెల్లె తలవంచుకొని, ఆ ఇటలీ యామెను గూడ ఇట్లే చేసిరని మెల్లగ ననెను. వదిన కథ నంతయు మరల చెప్పించుకొని వినినది.

"నేను తొక్కింది రోడ్డుకెరుకనే. మీ కాగితానికి ఎరుక లేకపోతె రేపు నేనెందుకు రావాలె?"

అప్పుడు మేము పంపు మాట బయటపెట్టితిమి. ఎవరును కొంతసేపు మాటాడలేదు. వదిన మాత్రము మా వంక చూచి, "నీ సంచిల పంపున్నదని తెలిసే పిలిచిన" అనెను.

మాకు కొంత కాలము శిక్షగ కలుపవలెనని అక్క యనగా "ఆమె టైము ఆమెకుండనీ, నాది నాకు రాయుండ్రి" అని వదిన త్రోసివేసెను. పందెము నడుమ నియమము మార్చుట తగదని మా వారు చివరివరకును పట్టుపట్టిరి. వారి మాటలోను న్యాయము లేకపోలేదు. కాని త్రొక్కినవారము నలుగురము, చూచినవారు ఒక్కరు. గడువు నియమము కొట్టివేయబడెను. వారే ఎఱ్ఱసిరాతో 3 గంటల 42 నిమిషములని వ్రాసిరి.

నాల్గవనాడు పెద్దపెండ్యాలకు పోయితిమి. ఈసారి పంపు వదిన సంచిలోనికి మారినది. తిరుగుదారిలో సగము రోడ్డున మక్కలు ఎండబోసి యుండిరి. ఒక ముసలమ్మ కాళ్ళతో వానిని దున్నుచుండెను. చెల్లె పోయినప్పుడు మిగిలిన సగము ఖాళీగ నుండెనట. మేము చేరునప్పటికి ట్రాక్టరొకటి అడ్డముగ నిలిచెను. ఒకరి గింజలను త్రొక్కి పోవుటకు మనసొప్పక దిగి నడచితిమి. ముందునాటి మనసు ఏమైనదో తెలియదు. ఆ దినము 31 సెకండ్లు పోయినవి. మొత్తము 4 గంటల 8 నిమిషముల 15 సెకండ్లు. చెల్లెకు 4 గంటల 8 నిమిషముల 4 సెకండ్లు. 11 సెకండ్లలో ఓడిపోయితిమి. నిజము దాచనేల, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ట్రాక్టరువానిని చాలసేపు తిట్టుకొంటిమి.

గెలిచినవారికి సీతాఫలముల గంప బహుమానము. చెల్లె దానిని మా యరుగుమీదనే దించి నలుగురికిని పంచెను. పందెపు పట్టికను మాత్రము వదిన అడిగి పుచ్చుకొనెను. మొన్న పెరుగు తోడుకై వారింటికి పోయినప్పుడు చూచితిమి: క్యాలెండరు ప్రక్కను మేకునకు గ్రుచ్చి యున్నది. నాల్గవ వరుసలో ఆమె పేరు, దానికెదురుగ మా వారి గుండ్రని యక్షరములలో 7 గంటల 3 నిమిషములు.