మొదటి దెబ్బకు ముందు

పలువురి యెదుట నిలిచి మొదటి మాట పలుకవలసిన వేళ మానవునికి గలుగు కంపము ఎట్టిదో మేమెఱుంగుదుమనియే యింతకాలము తలంచియుంటిమి. ఇరువది యేండ్లుగా తరగతిలో నిలిచి పాఠము చెప్పుచున్న వారము గదా! అయినను దాని నిజస్వరూపము మాకు తెలిసినది తరగతిలో గాదు. గోలకొండ కోటలోని గోల్ఫ్ మైదానమున.

మేము నివసించునది శ్రీనగర్ కాలనీ. అచ్చటినుండి ఫిల్మ్‌నగర్, షేక్‌పేటల మీదుగా నైరృతి దిక్కునకు బోయినచో కొలది మైళ్లలో గోలకొండ కానవచ్చును. 1656లో మొగలు సేనలు కోటను ముట్టడించిన పిమ్మట, కుతుబ్‌షాహీల కాలముననే ఈశాన్య భాగమున కోటను విస్తరింపజేసిరి. దానికే నయా ఖిల్లా యని పేరు. నేడు ఆ గోడల నడుమ పదునెనిమిది గుంటల గోల్ఫ్ మైదానము గలదు. జనులు హాతియాన్ కా ఝాడ్ అని పిలుచు మహావృక్షము కూడ నయా ఖిల్లాలోనిదే.

మా పూర్వవిద్యార్థి యొకడు ఆ మైదానమున సభ్యుడు. మాకు నడక అవసరమని వైద్యుడు చెప్పగా విని, అతడు మూడు నెలలపాటు మమ్ము సాధన స్థలమునకు తోడుకొనిపోయి ఆటలోని మెలకువలు నేర్పెను. అచ్చట మమ్ము జూచువారు లేరు. బంతి చక్కగానే యెగురుచుండెను. ఒకనాడతడు, "మాష్టారూ, ఇక మైదానంలోకి రండి" అనెను. మేమును గర్వముతోడనే బయలుదేరితిమి.

మొదటి టీ చెంతకు బోవుసరికి మా వెనుక నలుగురు పెద్దమనుష్యులు తమ వంతుకై వేచియుండిరి. ఆటగాడు దెబ్బ కొట్టునప్పుడు నిశ్శబ్దముగా నుండుట ఆ యాటలోని మర్యాద. ఆ మర్యాదయే మాకు భారమయ్యెను. నోరెండెను. అరచేతులు చెమర్చెను. గుండె చప్పుడు చెవులలో వినవచ్చెను. కఱ్ఱను పామును బట్టినట్లు బిగించి పట్టి, ఎప్పుడు ముగియునా యని తొందరపడి కొట్టితిమి. కఱ్ఱ బంతి నెత్తిని రాచిపోయెను. బంతి పది గజములు దొరలి గడ్డిలో నిలిచెను. వెనుకనున్నవా రెవరును నవ్వలేదు. నవ్వినను బాగుండునని మాకు తోచెను.

సంచి మోయు కేడీ, మా కుమారుని యీడువాడు, దగ్గఱకు వచ్చి మెల్లగా, "సార్, బంతి ఎక్కడికీ పారిపోదు. మీరే తొందరపడుతున్నారు" అనెను.

ఆ మాటలో ఎంతయో యర్థము గలదు. క్రికెట్టున బంతి మనమీదికి వచ్చును. భయపడుటకు తీరిక యుండదు. గోల్ఫున బంతి కదలక మనకొఱకు కాచుకొనియుండును. ఆ తీరికనంతయు మనస్సు భయమునకే వెచ్చించును. అంతట దేహమున అడ్రినలిన్ ప్రవహించి, గుండె వేగము హెచ్చి, ఊపిరి పైపైననే యాడి, కండరములు బిగుసుకొనును. పరుగెత్తవలసినవానికి ఈ సన్నాహము మేలే. కాని 46 గ్రాములైనను తూగని బంతిని నేర్పుతో కొట్టవలసినవానికి అది శత్రువు. 1908లో అమెరికాలో యర్కిస్, డాడ్సన్ అను శాస్త్రజ్ఞులు ఎలుకలపై ప్రయోగములు చేసి, కష్టమైన పనిని నేర్చునప్పుడు ప్రేరణ మితిమీరినచో చెఱుపు చేయునని కనుగొనిరి. శిక్షణ కళాశాలలో మేమీ సంగతి చదివితిమి, పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొంటిమి, గ్రహింపలేదు.

మహామహులకే యీ దురవస్థ తప్పలేదు. 1991లో బ్రిటిష్ ఓపెన్ గెలిచిన ఆస్ట్రేలియా దేశీయుడు ఇయాన్ బేకర్-ఫించ్, 1995లో అదే పోటీకై స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్‌లో మొదటి టీ చెంత నిలిచెను. అచ్చట మొదటి బాటయు పదునెనిమిదవ బాటయు కలిసిపోయి వంద గజములకు పైబడిన వెడల్పు గలదు. అయినను ఆతని బంతి ఎడమకు మరలి, ఆ విశాలమైన పచ్చిక నంతయు దాటి, హద్దు వెలుపల పడెను. ఆటలో విజేతయైనవానికే అట్లు జరిగినప్పుడు మావంటివారి మాట యేల?

ఇంటికి మరలివచ్చుచుండగా మాకు ఒక బాలుడు జ్ఞాపకమునకు వచ్చెను. గడచిన వార్షికోత్సవమున తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు పద్యము చదువబోయి, రెండవ పాదము వద్ద మఱచి, నిలిచిపోయెను. తెర చాటునుండి మేము, "ఇంత వల్లించి ఇదేమిరా?" యని కసిరితిమి. వాడు కన్నులు తుడుచుకొనుచు దిగిపోయి, మరల వేదిక నెక్కలేదు. మా బంతి పది గజములు దొరలినప్పుడు మమ్మెవరును కసరలేదు. మేము వానిని కసరితిమి.

మఱునాడు వానిని పిలిచి, "అబ్బాయీ, ఆనాటి తప్పు నీది కాదు, మాది" యని చెప్పితిమి. వాడు నమ్మలేనట్లు చూచెను. మాకు జరిగినదంతయు చెప్పగా నవ్వెను. పిదప గోల్ఫ్ మైదానము నేర్పిన పాఠములనే వానికి నేర్పితిమి. మొదట ఇద్దఱు మిత్రుల యెదుట, పిమ్మట తరగతి యెదుట, అటుపిమ్మట ప్రార్థనా సమావేశమున చదువుమంటిమి. ఏకాంతమున చేసిన సాధన జనుల యెదుట చాలదు. వేదిక నెక్కుటకు ముందు ప్రతిసారియు ఒకే క్రమము: రెండు పాదములు నేలపై స్థిరముగా నుంచుట, పీల్చిన దానికంటె నెమ్మదిగా ఊపిరి విడుచుట, పిడికిలి సడలించుట. పద్యమంతయు తలపక మొదటి పాదమును మాత్రమే తలచుట. గోల్ఫున దూరపు గుంటను గాక బంతికి ముందున్న గడ్డిపోచ నొకదానిని గుఱిగా నుంచుకొనుట యిట్టిదే. తప్పు వచ్చినచో ఆగి, మరల అందుకొనుట.

ఆ బాలుడు సమావేశమున పద్యము చదివెను. మూడవ పాదమున తడబడి, నిలిచి, ఊపిరి విడిచి, మరల అందుకొని ముగించెను. మేమును రెండవసారి మొదటి టీ వద్దకు బోయితిమి. ఈసారి పెద్ద కఱ్ఱను విడిచి, చేతికి అలవాటైన చిన్న కఱ్ఱనే తీసికొంటిమి. బంతి వంకరగానే పోయినను, పోవలసినంత దూరము పోయెను. భయము పోయెనా? పోలేదు. అది మా చెంతనే నిలిచియుండెను. కఱ్ఱ మాత్రము దాని చేతికి ఈయలేదు.

విద్యార్థులారా! పరీక్షాశాలలోను, వేదికపైనను చేతులు వణకినచో సిగ్గుపడకుడు. ప్రశ్నపత్రము ఎక్కడికిని పారిపోదు. తలిదండ్రులారా, తోడి యుపాధ్యాయులారా! బిడ్డ మొదటి దెబ్బ తప్పిన వేళ వెనుక నిలిచి చూచువారము మనమే. ఆ కేడీ బాలుడు మాతో మాటలాడినట్లు మనమును మాటలాడ నేర్చుకొందము.