నాన్న రాసిన పాలసీలు

కొల్లాపూర్‌లో నాన్నను అందరూ ‘ఎల్‌ఐసీ సారు’ అనేవారు. మామిడి కోతలప్పుడు తోటల వెంట తిరిగేవారు. రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడేది అప్పుడే మరి! పోటీలో కొందరు ఏజెంట్లు తమ కమీషన్లో వాటా ఇస్తామని ఆశపెట్టేవారు. 1938 నాటి బీమా చట్టం దాన్ని ఒప్పుకోదు, నాన్నా ఒప్పుకోలేదు. గడువు దాటకముందే ఇంటికెళ్లి ప్రీమియం గుర్తుచేయడమే ఆయనకు తెలిసిన వ్యాపారం.

ఏజెంటు పోయినా, నిబంధనల మేరకు, పాత పాలసీల రెన్యువల్ కమీషన్ వారసులకు అందుతుంది. నాన్న తర్వాత అమ్మకు అలాగే వచ్చింది. అయితే పాలసీదారు కట్టడం మానేస్తే అదీ ఆగిపోతుంది. తోటలో ఓ పెద్దాయన మాత్రం, ‘‘మీ నాయిన రాసిన పాలసీ, ఎట్ల ఆపుతం? రేపు నేను పోతే మా ముసల్దానికి కాయితాలు నువ్వే రాసియ్యాలె’’ అన్నాడు.

నేను ఏజెంటు పరీక్ష రాయడానికి ఆ మాట చాలింది.