చేతిసంచిలో నోటుబుక్కు

డిసెంబరులో ఒక సాయంత్రం ఆరో తరగతి అబ్బాయి ఒకడు వాళ్లమ్మతో కలిసి మా క్వార్టరుకు వచ్చాడు. వాళ్ల నాన్నగారికి బదిలీ అయింది, చెప్పి వెళ్దామని వచ్చారు. లడ్డూల డబ్బా చేతికిచ్చి ఆ అబ్బాయి ఒక మాట అడిగాడు.

“టీచర్, ఇంతకుముందు మీరున్న బళ్లో ఆరో తరగతి పిల్లల పేర్లు మీకు గుర్తున్నాయా?”

గుర్తులేకేం అంటూ వేళ్లు మడిచి లెక్కపెట్టాం. ఆ తరగతిలో నలభై మంది ఉండేవారు. తొమ్మిది పేర్ల దగ్గర ఆగిపోయాం. వాడేమీ అనలేదు. మంచినీళ్లు తాగి, “వెళ్లొస్తాం టీచర్” అని వెళ్లిపోయాడు. వాడు అడిగింది ఆ పిల్లల గురించి కాదు, తన గురించే. ఆ సంగతి రాత్రికి గాని మాకు తట్టలేదు.

పదేళ్లలో నాలుగు ఊళ్లు తిరిగాం. గాజు గ్లాసులు పాత చీరల్లో చుట్టడం, మంచం విప్పి మళ్లీ బిగించడం మాకు బాగా అలవాటైంది. ఒక్క గ్లాసు పగలకుండా సామాను చేర్చగలం. పేర్లు మాత్రం దారిలో ఎక్కడో జారిపోయాయి.

మా దిగులు విని డ్రాయింగు మాస్టారు లైబ్రరీలో ఒక పుస్తకం తీసి ఇచ్చారు. అది ఆన్ కవారా అనే జపాను కళాకారుడి గురించి. ఆయన 1932లో పుట్టి, న్యూయార్క్‌లో స్థిరపడి, 2014లో కన్నుమూశారు. ఆయనను కాన్సెప్చువల్ ఆర్టిస్టు అంటారు. అంటే కంటికి కనబడే అందం కన్నా వెనుక ఉన్న ఆలోచనే ముఖ్యమని నమ్మే కళాకారుడన్నమాట.

1966 జనవరి 4న ఆయన ఒక పని మొదలుపెట్టారు. ఒకే రంగు పూసిన కాన్వాసు మీద తెల్లని అక్షరాలతో ఆ రోజు తేదీ. అంతే బొమ్మ. అర్ధరాత్రిలోగా పూర్తికాకపోతే దాన్ని ఉంచేవారు కాదు. ఏ దేశంలో ఉంటే ఆ దేశపు భాషలో తేదీ రాసేవారు. అక్కడ రోమన్ లిపి వాడకపోతే ఎస్పెరాంటోలో రాసేవారు. సొంత దేశం జపానుకు వెళ్లినా అంతే.

మమ్మల్ని ఆపింది ఆ బొమ్మలు కాదు, ఆయన దాచుకున్న రికార్డులు. 1968 నుంచి 1979 దాకా, ఏ ఊళ్లో ఉన్నా, ఆ రోజు కలిసిన మనుషుల పేర్లు టైపు చేసి ఫైలులో పెట్టుకున్నారు. నడిచిన దారిని ఊరి పటం మీద ఎర్ర గీతగా గీసుకున్నారు. ఎన్నింటికి లేచారో ముద్ర వేసి, రోజుకు రెండు పోస్టుకార్డులు తెలిసినవాళ్లకు పంపారు. తాను బతికిన ప్రతి రోజుకూ ఒక చుక్క పెట్టుకునే క్యాలెండరు కూడా ఉండేది.

మొదట మాకు విసుగు పుట్టింది. ఎవరు నవ్వించారు, ఎవరు బాధపెట్టారు అన్నది ఎక్కడా లేదు. వట్టి పేర్లు, వేళలు, దారులు. తర్వాత అర్థమైంది. పెద్ద డైరీ రాయాలనుకునేవాళ్లం నాలుగో రోజుకే మానేస్తాం. మూడు ముక్కలు ఎంత అలసిపోయినా రాయొచ్చు. పేరు ఒక్కటి దొరికితే నవ్వూ ముఖమూ దాని వెనకే వస్తాయి.

ఆయనదే మరో పని ఉంది. 1997 జనవరి మొదటి ఏడు రోజుల తేదీ చిత్రాలను, 1998 నుంచి వేర్వేరు దేశాల్లోని చిన్నపిల్లల బళ్లకు పంపి, తరగతి గోడకు తగిలించారు. ఏ పాఠమూ చెప్పలేదు. పిల్లలు వాటి కింద కూర్చుని ఆడుకున్నారు, అంతే.

మేమూ ఒక పొడుగు నోటుబుక్కు కొన్నాం. మాది ఎస్పెరాంటో కాదు, తెలుగే. పంజాబీ పేర్లు, అస్సామీ పేర్లు మన అక్షరాల్లో కాస్త ఒద్దికగా సర్దుకోవాల్సి వచ్చింది, కొత్త ఊళ్లో మేం సర్దుకున్నట్టే. మొదటి పేజీలో ఒకటి నుంచి నలభై దాకా అంకెలు వేసి, గుర్తున్న తొమ్మిది పేర్లూ రాశాం. ఒక పేరు పాలు కాచేటప్పుడు వచ్చింది, ఒకటి బస్సులో. ఇవాళ్టికి ఇరవై ఏడు అయ్యాయి. మిగతా గీతలు ఖాళీగానే ఉన్నాయి. వాటిని కొట్టెయ్యలేదు.

రెండో పేజీలో మొదటి పేరు లడ్డూలు తెచ్చిన ఆ అబ్బాయిది. పక్కన వాడు వచ్చిన తేదీ.

పిల్లలూ, మీ నాన్నగారికో అమ్మగారికో ఉత్తర్వు రాకముందే, మీ బెంచీలో కూర్చునేవాళ్ల పేర్లు ఇంటిపేర్లతో సహా ఒకచోట రాసి పెట్టుకోండి. రాయడానికి పది నిమిషాలు చాలు. గుర్తు తెచ్చుకోవడానికి మాకు ఇంకా ఎన్నాళ్లు పడుతుందో!

ఈ వేసవిలో మాకూ ఉత్తర్వు రావచ్చు. సామానంతా లారీలో వెళ్తుంది. నోటుబుక్కు మాత్రం మా చేతిసంచిలోనే.