పడిన పిదప మరల గుఱ్ఱమెక్కుట: గద్వాల, వనపర్తి దారిలో

కృష్ణాతుంగభద్రల నడుమనున్న నేలను నడిగడ్డ యందురు. దానికి ముఖ్యపట్టణము గద్వాల. ఆ పేరు వినగానే మన సోదరీమణులకు నూలు ఒడలికి పట్టంచును పట్టుకొంగును కూర్చిన చీర కన్నుల యెదుట నిలుచును. నేనును ఊరు చేరగానే మొదట మగ్గముల వీథినే వెదకితిని. కాని యీ మారు వ్రాయదలచినది చీరలను గూర్చి కాదు, గుఱ్ఱములను గూర్చి.

దసరా సెలవులలో మా ఇంటివారికి నాగర్‌కర్నూలులో పాఠశాలపని యొకటి తగిలినది. దారిలో గద్వాల, వనపర్తి చూచుకొని పోవచ్చునని బయలుదేరితిమి. మా పెద్దాడబిడ్డ కూతురు మాతో వచ్చినది. పదునెనిమిదేండ్ల పిల్ల, హైదరాబాదులో చదువుకొనుచు, ఉదయములయందు అశ్వారోహణము నేర్చుచుండెను. నిరుడు రెండడుగుల యెత్తున నిలిపిన గడెను దాటింపబోవ, గుఱ్ఱము తుదిక్షణమున నిలిచిపోయెను. పిల్ల మాత్రము నిలువక ముందుకు పోయి గడెలపై బడినది. మెడకును భుజమునకును నడుమనుండు ఎముక విరిగెను. అది కొన్ని వారములలో అతికినది గాని భయము వదలలేదు. సమతలమున దౌడు తీయించును. గడె కనబడినంతనే చేతులు బిగిసికొనిపోవును. తల్లి "ఆడపిల్లకు గుఱ్ఱమెందుకు, మానుము" అనును. అన్నలు "పిఱికి" అని నవ్వుదురు. పిల్ల మానను లేదు, దుమికింపను లేదు.

గద్వాల కోటను సోమనాద్రి కట్టించెనని ప్రసిద్ధి. లోపల చెన్నకేశవస్వామి యాలయమున్నది; కోటలోనే మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మగారి పేరిటి కళాశాలయు నున్నది. ఒకనాడు రాణివాసపు పల్లకులు నడచిన చోట నేడు ఆడపిల్లలు పుస్తకములు పట్టుకొని నడచుట చూడ ముచ్చటగా నుండెను. సోమనాద్రిని గూర్చి యా ప్రాంతమున నొక కథ చెప్పుకొందురు. యుద్ధమున ఆయన గుఱ్ఱమును శత్రువులు పట్టుకొనిపోగా, దానిని తెచ్చుటకు నమ్మినబంటొకడు వెళ్లి గుఱ్ఱపుసాలలో గడ్డి క్రింద దాగెనట. కట్టుకొయ్య దిగగొట్టవచ్చినవాడు చీకటిలో తెలియక ఆ మేకును వాని చేతిలో దిగగొట్టెను. బంటు కిక్కురు మనలేదు. అందఱును నిదురించిన పిమ్మట తన చేతిని తానే నరికికొని, గుఱ్ఱమునెక్కి యేలికకు తెచ్చి యిచ్చెనట.

కథ విని మా ఇంటివారు "ఔరా!" అనిరి. పిల్ల మాత్రము "రక్తపు వాసనకు ఆ గుఱ్ఱము బెదరలేదా అత్తమ్మా?" అని యడిగినది. మన కథలలో గుఱ్ఱము సంగతి యెవరు తలపోసిరి? బాధను మ్రింగుటయే శౌర్యమని మనకు చిన్ననాటినుండి నేర్పినారు. ఖడ్గతిక్కన యుద్ధమునుండి మరలి రాగా, స్నానమునకు మంచము చాటు పెట్టి పసుపుముద్ద యుంచి తల్లియు భార్యయు నెత్తిపొడిచిరని చెప్పుదురు. ఆ కథను మెచ్చుకొననివారు లేరు. అయినను నా మనసున కొక సందేహము. సిగ్గుచేత వెనుకకు పంపబడినవాడు ప్రాణము విడువ నేర్చునుగాని, గుఱ్ఱమును నెమ్మదిగా దుమికింప నేర్చునా? అవి రెండును వేఱు విద్యలు.

ఎఱ్ఱవల్లి మీదుగా వచ్చి, బీచుపల్లిలో ఆంజనేయస్వామికి మ్రొక్కి కృష్ణను దాటితిమి. పెబ్బేరు పశువుల సంతకు పేరుగన్నది. అక్కడినుండి వనపర్తి యెంతో దూరము లేదు. ఈ దారిపొడుగున పిల్ల తన విద్యలోని మర్మములను నాకు విప్పి చెప్పినది. అవి విన్న పిమ్మట దాని భయము పిఱికితనము కాదని నాకు తోచినది.

గుఱ్ఱపు కన్నులు తలకు ఇరుప్రక్కలనుండును. కావున చుట్టును చాలవఱకు కనబడునుగాని, ముక్కునకు సూటిగా ముందున్న కొంతచోటు కనబడదు. దుమికెడి తుదిక్షణమున గడె దానికి సరిగా కానరాదు. దూరమునుండియే తలయెత్తి కొలుచుకొనవలెను. దుముకునప్పుడు మెడ సాచి తూకము నిలుపుకొనును. రౌతు భయపడి కళ్ళెమును లాగెనా, దానికి చూపును పోవును, తూకమును పోవును, నోరును నొచ్చును. అందుచేత మరుసటిమారు గుఱ్ఱము ఆగును. అది ఆగుటను జూచి రౌతు "నా భయము నిజమే" అనుకొనును. ఇట్లు ఒకరి భయమును ఒకరు పెంచుకొందురు. ఇటలీదేశపు సైనికాధికారి ఫెదెరికో కాప్రిల్లి (1868–1907) యీ సంగతిని గట్టిగా గ్రహించినవాడు. అంతకుముందు దుముకునప్పుడు రౌతులు వెనుకకు వాలెడివారు. ఈయన ముందుకు వంగి, గుఱ్ఱపు మెడను స్వేచ్ఛగా విడువవలెనని నేర్పెను. నేడు లోకమంతటను దుమికించువారు అనుసరించునది ఆ పద్ధతియే. అంతటివాడును తుదకు గుఱ్ఱముమీదనుండి పడియే మరణించెను.

వనపర్తి రాజభవనమున ఇప్పుడు పాలిటెక్నిక్ కళాశాల యున్నది. అది 1959లో వెలసినది. 19వ శతాబ్ది నడుమ ఇక్కడ సంస్థానాధిపతియైన మొదటి రామేశ్వరరావుగారు ఆఫ్రికానుండి వచ్చిన హబ్షీలను చేర్చి యాశ్వికదళమును కూర్చెను. ఆయన పిమ్మట ఆ దళము నిజాము సైన్యమున గలిసెను. హైదరాబాదులో మాసబ్‌ట్యాంకు దాపున ఏ.సి. గార్డ్సు అను పేట యున్నదికదా. ఆ రెండక్షరములు ఆఫ్రికన్ కావల్రీ అను మాటల పొడియక్షరములే. పిల్ల వారమున కారుదినములు ఆ పేట మీదుగా బస్సులో పోవునట. "వనపర్తి గుఱ్ఱాల పేరని నాకు తెలియనే తెలియదు!" అని ఆశ్చర్యపడినది.

ఆ దళమున స్త్రీ లెక్కిరని యెవరును చెప్పరు. ఒలింపిక్ క్రీడలలో సహితము గడెలు దుమికించు పోటీకి 1956 వఱకు స్త్రీలను రానీయలేదు. జాతీయ పోలీసు అకాడమీ 1975లో ఆబూపర్వతమునుండి హైదరాబాదుకు వచ్చినది. అక్కడ శిక్షణ పొందు స్త్రీలును పురుషులతోపాటు గుఱ్ఱపుస్వారి నేర్చెదరు. డెన్మార్కుదేశపు లీస్ హార్టెల్ కథ మన సోదరీమణులు తప్పక వినదగినది. 1944లో గర్భవతిగా నున్నప్పుడు ఆమెకు పోలియో సోకి, మోకాళ్ల క్రింద చచ్చుబడినది. బిడ్డను క్షేమముగా కన్నది. మరల జీనుపై కూర్చుండ నేర్చి, ఒకరు పట్టి యెక్కింపవలసిన స్థితిలోనే, 1952లో హెల్సింకీలో గుఱ్ఱమును నేర్పుగా నడిపించు పోటీయందు రజతపతకము గెలిచెను. ఆమెది దుముకు విద్య కాదు. అయినను ఒక్కదినమున మరల ఎక్కినది కాదనుట ఇచ్చట చెప్పవలసిన మాట.

మా పిల్లకు దాని గురువు చెప్పిన క్రమమును అట్టిదే. పడినవెంటనే లేచి ఎక్కవలెనను పాతమాట అన్నివేళల చెల్లదు. తలకు దెబ్బ తగిలెనేని వైద్యుడు పొమ్మనువఱకు జీను ముట్టరాదు. దెబ్బ తిన్న శిరస్త్రాణము బీటలు కనబడకున్నను పారవేయవలసినదే. పిమ్మట ముదిసిన సాధుగుఱ్ఱమును నిచ్చి, దానిని పొడవాటి త్రాట గట్టి గురువు నడుమ నిలిచి చుట్టును త్రిప్పును; రౌతుకు కళ్ళెపు పని యుండదు. తరువాత గడెలను నేలమీదనే పఱచి వానిపై నడక, ఆపై చిన్నపరుగు. ఆ తరువాత రెండు గడెలను జేనెడెత్తున కత్తెరవలె నిలుపుదురు. గుఱ్ఱపు మెడకొక పటకా కట్టి, భయము కలిగినప్పుడు దానిని పట్టుకొమ్మందురు, నోరు నొవ్వదు. చూపు గడెమీద గాక ఆవలి చెట్టుమీద నుండవలెను. బాగుగా జరిగినచోటనే ఆనాటికి చాలించవలెను. భయము మరల వచ్చిననాడు ఒక మెట్టు దిగవలెను. అమరకోశమున గుఱ్ఱపు గతులైదింటిలో ప్లుతము, అనగా దుముకు, తుదిని చెప్పబడినది. బాల్యమున వల్లించితినేగాని ఆ వరుసను గూర్చి యెన్నడును తలపోసి యెఱుగను.

గోపాలపేట మీదుగా నాగర్‌కర్నూలు చేరితిమి. పూర్వము బండ్లవారు ఇచ్చట ఆగి ఇరుసులకు కందెన వేసికొనెడివారనియు, అందువలననే ఊరికీ పేరు వచ్చెననియు కొందఱందురు. సాయంకాలము కేసరిసముద్రపు కట్టమీద తిరుగుచుండగా, పెండ్లి ఊరేగింపులకు త్రిప్పు తెల్లని గుఱ్ఱమొకటి యెదురైనది. దారికడ్డముగా జానెడు కాలువ. గుఱ్ఱము అచ్చట కాళ్లు బిగించి నిలిచినది. ముసలివాడు దానిని కొట్టలేదు, తిట్టలేదు. తాను ముందు దాటి, పగ్గము వదులుగా పట్టుకొని, బీడీ వెలిగించెను. అది తలవంచి నీటిని వాసన చూచినది, వెనుకకు రెండడుగులు వేసినది, మరల వచ్చినది. మా ఇంటివారు గడియారము చూచుకొనుచుండిరి. పిల్ల కదలలేదు. కొంతసేపటికి గుఱ్ఱము దాటినది. ముసలివాడు దాని మెడ తట్టి, మరల ఇవతలికి తెచ్చి, ఇంకొకమారు దాటించెను. పిల్ల అడుగగా దానికి బెల్లపుముక్క పెట్టనిచ్చెను.

మొన్న పిల్ల జాబు వ్రాసినది. కత్తెరగడెలు జేనెడెత్తున నాలుగుదినములు దాటించెనట. అయిదవనాడు భయమువేసి నేలగడెలకే దిగెనట. తల్లి చూడవచ్చి గట్టున కూర్చుండెనట. వచ్చునెలలో అడుగెత్తు. పటకాకు కట్టుటకు మెత్తని నాడా కావలెనట. గద్వాలలో కొన్న చీర మూటకు కట్టిన నూలునాడా పంపుచున్నాను.