వాకిట్లో కోడి, వాకిట్లో బిడ్డ

కాళేశ్వరం నుంచి వంతెన మీదుగా గోదావరి దాటితే సిరొంచా. రాష్ట్రం మారింది, మాట మారలేదు. బోర్డుల మీద మరాఠీ, వాకిళ్ళలో తెలుగు. ఊరి చివర ఒక అవ్వ మిరప నారుకు కోడిపెంట వేస్తుందంటే చూద్దామని వెళ్ళాను.

తెల్లవారగానే గూడు తలుపు తీసింది. నాటుకోళ్ళు బయటికి దూకాయి. రాత్రి పడిన రెట్టను అవ్వ పొడిగా ఊడుస్తుంటే దుమ్ము లేచింది. రెండడుగుల అవతల ఏడాది నిండని మనుమడు పాకుతున్నాడు. తడి రెట్టలో చెయ్యి పెట్టాడు, ఆ చెయ్యే నోట్లోకి పోయింది. తల్లి పరుగెత్తుకొచ్చి ఎత్తుకుంది. నాకు మాట రాలేదు. జింబాబ్వే పల్లెల్లో పసిపిల్లల పక్కన గంటలకొద్దీ కూర్చున్న పరిశోధకులు కూడా సరిగ్గా ఇదే చూశారు.

"మా కోళ్ళకు ఏ రోగం లేదు బిడ్డా, సూడు ఎట్లున్నయో" అంది అవ్వ.

నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. కోడి ఒంటి వేడి 41, 42 డిగ్రీలు. క్యాంపైలోబాక్టర్ అనే బ్యాక్టీరియా బాగా పెరిగేది ఆ వేడిలోనే. కోడి పేగుల్లో అది ఎంత ఉన్నా కోడికి సాధారణంగా ఏమీ కాదు. రెట్టతో బయటపడి మనిషి కడుపులోకి చేరితే జ్వరం, కడుపునొప్పి, నెత్తురు విరేచనాలు. సాల్మొనెల్లాదీ ఇదే దారి. అరుదుగా, క్యాంపైలోబాక్టర్ విరేచనాలు తగ్గాక, నరాలు దెబ్బతిని కాళ్ళు చచ్చుబడతాయి. దాన్నే గులియన్ బారే సిండ్రోమ్ అంటారు. 2025 జనవరిలో పుణెలో మొదలై, అనుమానిత కేసులతో కలిపి రెండు వందలు దాటిన జబ్బు అదే. కొందరి మల నమూనాల్లో క్యాంపైలోబాక్టర్ దొరికింది. అక్కడ అనుమానం ఎక్కువగా తాగే నీటి మీదికి పోయింది.

అలాగని అవ్వను కోళ్ళు మానెయ్యమనలేను. గుడ్డు, సంతకు పోతే చేతిలో నాలుగు డబ్బులు, నారుకు బలం, అన్నీ వాటివల్లే. పెంటను ఊకతో కలిపి, తడిపి, కుప్ప వేసి తిరగేస్తుంటే లోపల 55 డిగ్రీలు దాటి కాగుతుంది. కొన్ని రోజులు అలా కాగితే ఈ క్రిములు చాలావరకు చస్తాయి. ఇది చెప్పబోతే అవ్వే అందుకుంది: "పచ్చి పెంట ఏస్తే నారు మాడుతది. మాగినంకనే ఏస్త."

"నారుకు పనికిరాని పచ్చి పెంట పిల్లగానికి పనికొస్తదా అవ్వా?" అన్నాను.

ఆమె మాట్లాడలేదు. చీపురు పక్కన పెట్టి, చెంబుతో నీళ్ళు చిలకరించి మళ్ళీ ఊడవసాగింది. కోడలు పిల్లాడి చేతులు సబ్బుతో కడిగింది. కాసేపయ్యాక అవ్వ చూరులో దోపిన పాత చేపల వలను లాగి, కొడుకును కేకేసింది: "కోళ్ళకు ఆ మూల కట్టరా. మనోడు ఇటు పాకుతడు."