గోధుమ బీరు, ఇప్పపువ్వు

పోస్టు పొడుగుంటది, తీరిక ఉన్నప్పుడు చదవండి. బీరు అనే మాట చూడంగనే "హాస్టల్ల ఉండి చదివేది ఇదా" అని అడ్మిన్ అన్న కోపానికి రావద్దు. నాకు 20 ఏండ్లు. తెలంగాణలో మందు కొనాలంటే 21 నిండాలె. కాబట్టి ఇందులో తాగిన ముచ్చట లేదు. రుచి చూసిన ముచ్చట ఉన్నది, అదెట్లనో చెప్త.

నేనుండేది రావల్కోల్‌లో. మాది ఉట్నూరు దిక్కు. ఆదిలాబాద్ నుంచి నాగపూర్ రోడ్డు మీద వచ్చే బస్సు మేడ్చల్‌లో దించుతది, అక్కడి నుంచి షేర్ ఆటో. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. చదివేది మైక్రోబయాలజీ. పోయిన సెమిస్టర్‌లో ఈస్ట్ మీద ఒక పాఠం ఉండె. ఈస్ట్ చక్కెరను తింటది, ఆల్కహాల్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతది. సార్ బోర్డు మీద ఈక్వేషన్ రాస్తుంటే నాకు మా అమ్మమ్మ యాదికొచ్చింది. ఆమె ఇప్పపువ్వు నానబెట్టిన కుండకు చెవి పెట్టి వింటది. లోపల బుసబుస చప్పుడు ఆగిందంటే "అయింది" అంటది. ఆ చప్పుడే కార్బన్ డయాక్సైడ్. మా క్లాసులో ఆ ఈక్వేషన్‌ను చెవితో విన్నది నేనొక్కడినే అయి ఉంటా.

మా మేనమామ కొడుకు, నాకు బావ, సిటీలో ఒక మైక్రోబ్రూవరీలో పనిచేస్తడు. పేరు రాయను, ఆయన నౌకరీ ఆయనకు ఉండాలె. మైక్రోబ్రూవరీ అంటే బీరు అక్కడే కాసి, అక్కడే గ్లాసుల్లో పోసి ఇచ్చే చోటు. మన రాష్ట్రంలో 2015లో వీటికి రూల్స్ వచ్చినయి. బావ ట్యాంకులు కడుగుతడు, బస్తాలు మోస్తడు, ఇప్పుడిప్పుడే కాసే పని కూడా నేర్చుకుంటున్నడు. "నీ సబ్జెక్టే కదా అల్లుడా, వచ్చి చూసి పో" అన్నడు. ఆదివారం పొద్దున్నే, ఇంకా గిరాకీ రాకముందు పోయిన.

ఆ రోజు కాసింది అమెరికన్ గోధుమ బీరు. సగం గోధుమ, సగం బార్లీ. రెండూ మొలకెత్తించి ఎండబెట్టినవే, మాల్ట్ అంటరు. దాన్ని మర పట్టి 65 డిగ్రీల వేడి నీళ్లలో గంట సేపు ఉంచితే గింజలోని పిండి చక్కెర అయితది. ఆ తియ్యటి నీళ్లను వర్ట్ అంటరు. ఇంకా ఈస్ట్ కలపలేదు కాబట్టి మందు కాదు, పిల్లలు కూడా తాగొచ్చు. బావ ఒక చిన్న గ్లాసుల పోసిచ్చిండు. జొన్న అంబలిలో బెల్లం వేసి పలుచగా చేస్తే ఎట్లుంటదో అట్లుంది. వాసన మాత్రం కాల్చిన రొట్టె వాసన.

తర్వాత దాన్ని మరగబెట్టిండ్రు. అప్పుడు పడతయి హాప్స్. హాప్స్ అంటే ఒక తీగకు కాసే పచ్చటి మొగ్గల లాంటి పూలు. ఇక్కడికి పొడి చేసి అచ్చు పోసి వస్తయి, చూస్తే అచ్చం మేకపెంటికల లాగ, కాకపోతే పచ్చగ. రెండు అరచేతిలో వేసుకొని నలిపితే ముందు పంపరపనస తొక్క, తర్వాత నిమ్మాకు, ఆఖరికి గుగ్గిలం వాసన. సాయంత్రం హాస్టల్‌కు వచ్చినంక కూడా చేతికి పోలేదు, రూమ్మేటు ఏం సబ్బు అని అడిగిండు. మొదట్లో వేసిన హాప్స్‌తో చేదు వస్తది. ఆఖర్ల వేసినవాటితో, చల్లారి పులిసినంక మళ్లీ వేసినవాటితో వాసన నిలుస్తది. మరిగినంక ఇంకో గుక్క చూసిన. తీపి అట్లనే ఉంది గాని వెనక నుంచి వేపపుల్ల నమిలినట్టు చేదు వచ్చి నాలుక మీద కూసుంది. మన్నించాలె, నాకైతే ముందుదే నచ్చింది.

అయిపోయిన బీరును మాత్రం వాసనే చూసిన. బావ రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టిండు. ఒకటి జర్మనీ తీరు గోధుమ బీరు, మగ్గిన అరటిపండు, లవంగం వాసన. పండు గాని లవంగం గాని అందులో ఏమీ వేయరు, అది ఆ ఈస్ట్ గుణం. అమెరికా తీరు దాంట్లో వాసన లేని ఈస్ట్ వాడి హాప్స్‌ను మాట్లాడనిస్తరు. మబ్బు పట్టినట్టుండే లేత పసుపు రంగు, పైన తెల్ల నురుగు. బావ ఒక గుక్క తాగి "ముందు రొట్టె, నడుమ నిమ్మ, ఆఖరుకు చేదు" అన్నడు. ఆల్కహాల్ 5 శాతం అటూ ఇటూ. ధర ఎంతంటే 300 చిల్లర, ఒక్క గ్లాసుకు. ఎండు ఇప్పపువ్వుకు కేంద్రం 2020లో పెట్టిన మద్దతు ధర కిలోకు 30.

ఆ హాప్స్ డబ్బా మీద యాకిమా అని రాసి ఉంది. హాస్టల్‌కు వచ్చి దాని గురించి చదివిన. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే. అమెరికాలో పండే హాప్స్‌లో దాదాపు నాలుగింట మూడు వంతులు వాషింగ్టన్ రాష్ట్రానివే, అందులోనూ యాకిమా లోయవి. ఆ లోయ యాకమా అనే ఆదివాసులది. 1855లో ఒప్పందం మీద సంతకం పెట్టించుకొని వాళ్ల నేలలో చాలా భాగం తీసుకున్నరు. అమరిల్లో అని పేరున్న హాప్స్ రకం దొరికిన టాపెనిష్ ఊరు వాళ్ల రిజర్వేషన్‌లోనే ఉంది. అమెరికా హాప్ మ్యూజియం కూడా ఆ ఊర్లోనే. వాషింగ్టన్‌లో హాప్ తోటలు మొదలైన కాలంలో కోతకు కూలికి వచ్చింది ఎక్కువగా ఆదివాసులే. ఎక్కడెక్కడి నుంచో పడవల మీద, గుర్రాల మీద పిల్లాజెల్లలతో వచ్చి తోటల కాడ గుడిసెలేసుకునేటోళ్లు. మిరపకాయ కోతకు మనోళ్లు ఖమ్మం దిక్కు పోయినట్టే. మరి ఆ హాప్స్‌తో చేసిన బీరు? అమెరికా కేంద్ర చట్టం ప్రకారం 1953 దాకా ఆదివాసులకు మందు అమ్మడమే నేరం.

ఇది చదివినంక చాలాసేపు నిద్ర పట్టలేదు.

మన దగ్గర కథ మీకు తెల్వంది కాదు. 1892లో బొంబాయి ప్రెసిడెన్సీలో ఇంగ్లీషోళ్లు ఏకంగా పువ్వు మీదనే చట్టం చేసిండ్రు, ఇప్పపువ్వు ఏరి దాచుకుంటే తప్పని. నా చిన్నప్పుడు ఒక పొద్దు జీపు వచ్చి మా అమ్మమ్మ కుండలు పగలగొట్టి పోయింది. పెర్సాపేన్‌కు పెట్టేందుకు ఉంచింది అది. ఆమె ఏడవలేదు, పెంకులు ఏరి చెట్టు కింద పోసింది. ఇప్పుడు వైన్ షాపుల లైసెన్సుల్లో ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఉంది. సీసా అమ్ముకోవచ్చు, కుండ పెట్టుకోరాదు.

అయితే ఒక్క దిక్కే మాట్లాడితే అబద్ధమైతది. మా బాబాయి గుడుంబా తాగీ తాగీ 34 ఏండ్లకే పోయిండు. మా పిన్ని ముందు ఇప్పసారా మన సంస్కృతి అని అంటే చీపురు తిరగేస్తది, ఆమెను నేను తప్పు పట్టను. 1992లో దూబగుంట ఆడోళ్లు సారా మీద లేచింది ఊరికే కాదు. బీరూ సారా ఒకటి కావు కూడా. బీరు పులియబెట్టి ఆపేస్తరు, సారా దాన్ని మళ్లీ కాసి ఆవిరి పట్టేది, ఘాటు ఎన్నో రెట్లు ఎక్కువ. బావ దగ్గర ప్రతి ట్యాంకుకు ఒక కాగితం ఉంటది: ఏ రోజు కలిపిండ్రు, ఎంత వేడి, ఎంత చక్కెర మిగిలింది. గుడుంబా బట్టీకి అట్లాంటిది ఏదీ లేదు. అమ్మమ్మకు ఉంది గాని అది ఆమె చెవిలో ఉంది.

నా ఆలోచన ఏందంటే, ఆ చెవిలో ఉన్నదాన్ని మనమే రాసి పెట్టాలె. 2021లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్పసారాకు హెరిటేజ్ లిక్కర్ అని పేరు పెడతామని, ఆదివాసులు చట్టబద్ధంగా అమ్ముకోవచ్చని ప్రకటించింది. రేపు ఇక్కడ కూడా అట్లాంటిది వస్తే రెసిపీ ఎవరి పేరు మీద ఉంటది? కంపెనీ ల్యాబు పేరు మీదనా? వద్దనుకున్నా సరే, అది కూడా మన గ్రామసభలే అనాలె. 1996 పెసా చట్టం మత్తు పదార్థాలను ఆపే హక్కు, అదుపు చేసే హక్కు మనకే ఇచ్చింది. ఉట్నూరులో అక్కలు అదే పువ్వుతో లడ్డూలు చేస్తున్నరు, చక్కెర అదే, ఈస్ట్ దాకా పోకుండా ఆగింది అంతే.

మొన్న రాత్రి అమ్మమ్మకు ఫోన్ చేసి ఎన్ని రోజులు నానబెడతవని అడిగిన. "హాస్టల్ల కాస్తవా ఏంది?" అన్నది. పరీక్ష కోసం అన్న. "పరీక్షల ఇదడుగుతరా!" అని పక్కింటామెకు కూడా చెప్పి నవ్వింది. తర్వాత చెప్పింది: చలి ఉంటే వారం, ఎండ ముదిరితే నాలుగు రోజులు, కొత్త కుండ అయితే ఒక రోజు ఎక్కువ, పాత కుండను లోపల గట్టిగా కడగొద్దు. పాత కుండ గోడల్లో ఈస్ట్ బతికి ఉంటది కాబట్టే అది తొందరగా పులుస్తది అనుకుంటున్న. కాలేజీ ల్యాబులో ఒక పెంకు ముక్క మీద చూడొచ్చా అని మేడమ్‌ను అడగాలె.

ఇంద్రవెల్లి, జైనూరు, ఏటూరునాగారం, చర్ల దిక్కు వాళ్లు మీ ఇండ్లల్లో అడిగి కింద రాయండి. సారా వద్దనే అక్కలు కూడా రాయండి, ముఖ్యంగా మీరు. మీ దగ్గర ఎన్ని రోజులు పెడతరు, పువ్వుతో పాటు ఏ చెట్టు బెరడన్నా వేస్తరా?