లైటు పట్టిన చెయ్యి

కారు కింద ఆయిల్ కారుతోందని మొదట కనిపెట్టింది మా అవ్వ. కళ్లతో కాదు, ముక్కుతో. షుగర్ వల్ల ఆమె చూపు మూడేళ్లుగా మసకబారుతూ వస్తోంది. ఆ రోజు పొద్దున వాకిలి ఊడుస్తూ చీపురు ఆపి, "గంధకం వాసనొస్తుంది బిడ్డా, గేరాయిల్ కారుతున్నట్టున్నది" అన్నది.

వంగి చూశాను. ముందు ఎడమ టైరు లోపలి వైపు నేల మీద అరచేయంత మరక. "ఇంజనాయిలేమో" అన్నాను, నాకు పేరు తెలిసిన ఆయిల్ అదొక్కటే కాబట్టి.

"ఇంజనాయిల్ గింత కంపు కొట్టది. అది నల్లగ, పల్సగుంటది. ఏలు పెట్టి చూడు."

వేలు పెట్టి చూశాను. ఆముదంలా చిక్కగా, తేనె రంగులో ఉంది. వేలికి పట్టిన వాసన పోవడానికి మూడుసార్లు సబ్బు రుద్దుకోవాల్సి వచ్చింది. గేర్ల పళ్లు ఒకదాన్నొకటి నొక్కుకున్నప్పుడు అరిగిపోకుండా ఆ ఆయిల్లో గంధకం కలిసిన మందులు వేస్తారని, ఆ వాసన వాటిదేనని తర్వాత చదివి తెలుసుకున్నాను. చదివి తెలుసుకోవడం నా అలవాటు. అవ్వకు చదవకుండానే తెలుసు.

కాసిపేటలో మా రేకుల షెడ్డు కింద ఉన్న ఆ బండి 2008 మోడల్ మారుతి ఎయిట్ హండ్రెడ్. 1983లో మొదలైన ఆ మోడల్ తయారీ 2014లో ఆగిపోయింది. బాపు దాన్ని సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఆయన బాయిలో టింబర్‌మన్. అంటే బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా కింద మొద్దులు నిలబెట్టే మనిషి. 2022లో పోయాడు. తమ్ముడు భూపాలపల్లిలో పనిచేస్తాడు. నేను హైదరాబాదులో సాహిత్య పరిశోధన చేసుకుంటూ, అవ్వ కోసం నెలలో సగం రోజులు ఇక్కడ ఉంటాను. నెలకోసారి కంటి ఇంజెక్షన్ కోసం ఆమెను మంచిర్యాల తీసుకెళ్లాలి. ఆటోలో సోమగూడెం చౌరస్తాకు వెళ్లి, అక్కడ బస్సు పట్టుకొని, కంటికి కట్టుతో ఉన్న మనిషిని మళ్లీ అదే బస్సులో తేవడం ఒకసారి చేశాను. రెండోసారి చేయాలని లేదు.

బండిని ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. అతను కింద పడుకొని చూడనైనా లేదు. గేర్‌బాక్సు మొత్తం దించాలన్నాడు, నా నెల ఫెలోషిప్పులో మూడో వంతు చెప్పాడు. ఎందుకు దించాలి అని అడిగితే, "మీకు చెప్పినా అర్థంకాదు మేడం, ఇంట్ల మొగోళ్లనెవర్నన్న పంపుండ్రి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అవమానం అనడానికి లేదు, కాదనడానికీ లేదు. తమ్ముడికి ఫోన్ చేస్తే, "నేనొచ్చేదాక ముట్టుకోకక్కా" అన్నాడు. అతని సెలవు ఎప్పుడు దొరుకుతుందో అతనికే తెలియదు. గేర్‌బాక్సులో ఇంకో చిక్కుంది. ఇంజనులో ఆయిల్ ప్రెషర్ పడిపోతే డ్యాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలుగుతుంది. మా బండి గేర్‌బాక్సుకు అట్లాంటి లైటు లేదు. ఆయిల్ పోతూనే ఉంటుంది, పళ్లు అరుగుతూనే ఉంటాయి. శబ్దం వినబడేసరికి జరగాల్సింది జరిగిపోతుంది.

ఆ రాత్రి అన్నం తింటుంటే అవ్వ అన్నది: "కుడి దిక్కు గిట్లనే కారితే మీ బాపు సీలు మార్చిండు. గేర్‌బాక్సు దించలే. టైరు ఇప్పి, రాడ్డు గుంజి, సీలు ఏసిండు. నేనే లైటు పట్టిన గద."

నేను తినడం ఆపి ఆమె వైపు చూశాను. నిజమే. నా చిన్నప్పటి నుంచీ బాపు మొదట లూనా కింద, తర్వాత స్కూటరు పక్కన, చివరికి ఈ కారు కింద దూరినప్పుడల్లా అవ్వ పక్కన కూర్చొని లైటు పట్టేది. చెయ్యి కదిలిందంటే తిట్లు పడేవి. పానా అందించేది, నంబరు తప్పయితే మళ్లీ తిట్లు. విప్పిన నట్లన్నీ విప్పిన వరుసలోనే గిన్నెలో పెట్టేది. ముప్పై ఏళ్లు, పని జరిగే చోటి మీదే లైటు వేసి, ఆ చోటునే చూస్తూ కూర్చున్న మనిషికి ఎంత తెలిసి ఉండాలి? ఈ ప్రశ్న నాకెందుకు రాలేదు?

నేను డాక్టరేటు చేసింది ఇట్లాంటి ప్రశ్నల మీదే. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' గురించి నా థీసిస్‌లో ఒక అధ్యాయమే ఉంది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లు తమ మాటల్లో చెప్పుకున్న జ్ఞాపకాలవి. పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల గురించి 'సాయపడ్డారు' అని ఒక్క మాటతో తేల్చేసే చరిత్రను ప్రశ్నిస్తూ పేజీలకు పేజీలు రాశాను. ఆ పేజీలు రాసిన సెలవుల్లో కూడా మా వాకిట్లో ఒకామె లైటు పట్టుకొని కూర్చునే ఉంది. నేను లోపల ఫ్యాను కింద రాసుకుంటున్నాను.

నాకూ ఎవరూ పానా ఇవ్వలేదు. ఇవ్వొద్దని ఎవరూ అనుకోలేదు, అసలు ఆ ఆలోచనే ఎవరికీ రాలేదు. తమ్ముడికి పదేళ్లప్పుడే టైరు విప్పడం వచ్చు. బాపు మెడికల్ అన్‌ఫిట్ అయినప్పుడు కూడా అంతే. బొగ్గు పరిశ్రమ వేజ్ అగ్రిమెంటులో వారసుల జాబితాలో కొడుకుతో పాటు పెళ్లికాని బిడ్డ కూడా ఉంది. ఇంట్లో నా పేరు ఎవరూ అనలేదు. నిజం చెప్పాలంటే నేనూ అనలేదు. నాకు ఆ ఉద్యోగం కావాలా అన్నది వేరే సంగతి. అడిగి ఉంటే బాగుండేదని మాత్రం అనిపిస్తుంది.

మర్నాడు పొద్దున మొదలుపెట్టాం. "ముందుగాల ఆయిల్ పోసే బిరడా ఇప్పు, తర్వాతనే కింది బిరడా" అన్నది అవ్వ. ఎందుకంటే బాపు ఒకసారి కింది బిరడా విప్పి ఉన్న ఆయిలంతా కార్చేశాక, పోసే బిరడా తుప్పు పట్టి కదలక రెండు రోజులు బండి అట్లాగే ఉండిపోయిందట. ఏ పుస్తకంలోనైనా మొదటి వాక్యంగా రాయదగిన సంగతి ఇది.

టైరు నట్లు బండి నేల మీద ఉండగానే వదులు చేశాను. వెనక టైర్లకు రాళ్లు పెట్టి, జాకీ ఎత్తాను. కిందికి వంగబోతుంటే అవ్వ నా జబ్బ పట్టి గుంజింది. అంత గట్టిగా ఆమె నన్ను చిన్నప్పుడు కూడా పట్టుకోలేదు. "జాకీని నమ్మి కిందికి పోతవా? మీ బాపు బిడ్డవేనా?"

పెరట్లో బాపు దాచిన పాత స్లీపరు చెక్క ముక్కలున్నాయి. రెండు అడ్డంగా, వాటి మీద రెండు నిలువుగా, మళ్లీ రెండు అడ్డంగా పేర్చుకుంటూ పోవాలి. బాయిలో కప్పు కింద పేర్చే చాక్ ఇదే. ఇటుకలు పనికిరావు, ఉన్నట్టుండి పగులుతాయి. కర్ర అట్లా కాదు, బరువు ఎక్కువైతే ముందు కిర్రుమని చెబుతుంది. టింబర్‌మన్లు కర్రను ఇష్టపడేది అందుకే. మద్దతు లేని కప్పు కిందికి అడుగు పెట్టొద్దన్నది బాయిలో మొదటి నియమం. బాపు డ్యూటీ నుంచి వచ్చి అన్నం ముందు కూర్చొని ఎన్నిసార్లు చెప్పేవాడో. వినడానికి ఎదురుగా ఉన్నది బాయిలోకి ఎప్పుడూ దిగని ఇద్దరు ఆడవాళ్లు.

దిగకూడని వాళ్లు అనాలేమో. 1952 మైన్స్ చట్టం 46వ సెక్షను భూమి లోపలి పనిలో స్త్రీలను పెట్టుకోవడాన్ని నిషేధించింది. అంతకుముందు బ్రిటిష్ ఇండియాలో ఆడవాళ్లు గనుల్లో బొగ్గు మోశారు. 1929 నిబంధనలతో వాళ్లను దశలవారీగా పైకి పంపడం మొదలై, 1937కల్లా పూర్తయింది. యుద్ధకాలంలో బొగ్గు చాలక 1943లో మళ్లీ దింపారు. యుద్ధం అయిపోయాక 1946లో మళ్లీ వద్దన్నారు. మా రక్షణ కోసమే అన్నారు. బొగ్గు అవసరమైనప్పుడు ఆ రక్షణ ఏమైందో! 2019లో వచ్చిన సడలింపు కూడా టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజరు స్థాయి పనులకే. మొద్దు మోసే పనికి కాదు.

చాక్ పేర్చాక బండిని దాని మీదికి దించి, భుజంతో ఒకసారి నెట్టి చూశాను. కదల్లేదు. అప్పుడు టైరు తీసి పక్కన పెట్టాను.

గేర్‌బాక్సు నుంచి టైరు దాకా వచ్చే రాడ్డును డ్రైవ్‌షాఫ్ట్ అంటారు. అది గేర్‌బాక్సులోకి దూరే చోట ఒక రబ్బరు వలయం ఉంటుంది, అదే సీలు. తిరిగే రాడ్డును దాని అంచు ఒరుసుకొని ఆయిల్‌ను లోపలే ఆపుతుంది. ఏళ్లు గడిస్తే రబ్బరు గట్టిపడి పట్టు తప్పుతుంది. రోగం ఇంతే. ఆయిలంతా బేసిన్‌లోకి దించాను. కింది ఆర్ము బోల్టు విప్పడానికి గంట పట్టింది, నా మణికట్టు చర్మం కొంచెం పోయింది. అవ్వ పానా రింగులో వేలు పెట్టి, "ఇది పద్నాలుగు, గది గాదు" అని సరైనది అందించింది. రాడ్డును కడ్డీతో మీటితే ఒక్కసారిగా ఊడివచ్చింది. దాన్ని వేలాడనీయకుండా తీగతో కట్టమన్నది, లేకుంటే జాయింటు పాడవుతుంది. పాత సీలును పేచ్‌కస్‌తో పెకిలించి, సంచిలో వేసుకొని బస్సులో మంచిర్యాల వెళ్లి, అదే సైజుది కొన్నాను. రెండు బిర్యానీల ఖరీదు కాలేదు. షాపతను "ఎవరు పంపిన్రు?" అని అడిగాడు. "మా అవ్వ" అన్నాను.

కొత్తది వేసే ముందు, రాడ్డు మీద సీలు ఒరుసుకునే చోట గాడి పడిందేమో చూడాలి. పడితే ఎంత కొత్త సీలు వేసినా కారుతుంది. నేను కళ్లు చికిలించి ఎంత చూసినా తెలియలేదు. అవ్వ లైటు నా చేతికిచ్చి, చీర కొంగు బొడ్లో దోపి, ముందుకు జరిగి కూర్చున్నది. చూపుడు వేలి గోరును రాడ్డు చుట్టూ మెల్లగా తిప్పింది. ఒక చోట ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ తిప్పింది. "గీర ఉన్నది గని గోరు దిగుతలేదు. పర్వాలేదు."

ముప్పై ఏళ్లలో ఆమె ఆ బండ్ల లోపలి భాగాన్ని చేత్తో ముట్టుకోవడం అదే మొదటిసారి అని ఆమే చెప్పింది. "మీ బాపు ముట్టనిస్తడా?" అని నవ్వింది. ఆ నవ్వులో కోపం ఎంతో నేను అంచనా వేయలేకపోయాను. బాపు మంచివాడు. ఇద్దరం అదే అనుకుంటూ ఉండి ఉంటాం. అందుకే కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

సీలు అంచుకు గ్రీజు రాసి, సరిపోయే పైపు ముక్క ఆనించి సుత్తెతో చుట్టూ మెల్లగా తట్టాను. ఒక పక్కకు ఒరిగితే పని చెడుతుంది. అవ్వ చెవి ఇటు తిప్పి వింటోంది. డొల్లగా మోగినంతసేపు "ఇంక" అన్నది. శబ్దం గట్టిపడగానే "ఆపు" అన్నది. బాపు కప్పును కడ్డీతో తట్టి, మోతను బట్టి బండ వదులైందో లేదో చెప్పేవాడట. ఆ సంగతీ ఆమె భోజనాల దగ్గరే విన్నది.

తర్వాతి పని చకచకా అయిపోయింది. రాడ్డు టక్కుమని కూర్చునేదాకా నెట్టడం, బోల్టులు బిగించడం, పై రంధ్రం అంచు దాకా వచ్చి కారేవరకు కొత్త ఆయిల్ పోయడం, అంతే. పాత ఆయిల్‌ను మోరీలో పోయకుండా డబ్బాలో పట్టి పెట్టాను, ఏదైనా గ్యారేజీకి ఇవ్వాలి. రాత్రి బండి కింద అట్టముక్క పరిచాం.

పొద్దున అట్ట మీద రూపాయి బిళ్లంత మరక కనిపించింది. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. పై నుంచి కారిన పాత ఆయిలేనని అవ్వ, కాదని నేను. గుడ్డతో అంతా తుడిచి కొత్త అట్ట వేశాం. రెండో రోజు అట్ట పొడిగా ఉంది. మూడో రోజు కూడా. నాలుగో రోజు ఇంజెక్షన్‌కు బయలుదేరాం.

దేవాపూర్ వెళ్లే సిమెంటు లారీల మధ్య నుంచి మెల్లగా వెళ్లి, సోమగూడెం చౌరస్తా దాటాం. అవ్వ కళ్లు మూసుకొని కూర్చుంది. నిద్రపోయిందనుకున్నాను.

"గేరు మార్చు" అన్నది. "ఎంతసేపు మూడో గేర్ల గుంజుతవు?"